దువ్వెన పళ్ళ కంప్యూటర్

ముందే చెప్పుకుంటున్నాను. నేను ఐదో తరగతితో బడి మానేసినవాడిని. ఉత్తరాలు తప్ప ఇంతకుముందు ఏమీ రాయలేదు. ఒత్తు ఎక్కడ పడాలో, దీర్ఘం ఎక్కడ లాగాలో నాకు ఇప్పటికీ అనుమానమే. పెన్ను పట్టుకుంటే అరచేతికి చెమట పడుతోంది. రాత బాగాలేదని మధ్యలో మూసెయ్యకండి. కొంచెం ఓపిక పట్టి చదవండి.

ఎందుకు రాస్తున్నానంటే, మా వైపు పిల్లకాయలు కనపడినప్పుడల్లా ఒకటే అడుగుతుంటారు. తక్కువ ఖర్చులో గేములాడే కంప్యూటర్ ఎట్లా చేయించుకోవాలి అని. ఒక్కొక్కరికి నోటితో చెప్పి అలిసిపోయాను. అందరికీ కలిపి ఒకసారి రాస్తే సరిపోతుంది కదా అనిపించింది. నాకు తెలిసిందంతా ఒకే ఒక్క కంప్యూటర్ నేర్పింది. అది తొంభైల చివర్లో, ఆత్మకూరులో మా బావ కొట్లో తయారైంది.

మాది ఉదయగిరి. ఇంట్లో కొయ్యపని. గరిటెలు, చెంచాలు, దువ్వెనలు, పోపు సామాను పెట్టుకునే పెట్టెలు. మా నాయన చేసిన పెట్టెలో జీలకర్ర పోసి మూతేస్తే ఏడాదైనా పురుగు పట్టదు, చెమ్మ తగలదు. మూత అంత బిగువు. ఆయన పెట్టెను తలకిందులు చేసి ఊపి, మూత ఊడకపోతే, "చీమ దూరదు" అని కొనేవాళ్ళకి ఇచ్చేవాడు. నాకు మాత్రం ఆ పని అంటే గిట్టేది కాదు. ముఖ్యంగా దువ్వెనలు. పళ్ళన్నీ ఒకే సందుతో సన్న రంపంతో కొయ్యాలి. నేను కోస్తే పదో పన్నుకు ఒకటి విరిగేది, మిగిలినవి తలా ఒక దిక్కు చూసేవి. మా అవ్వ వాటిని చూసి, "ఇది దువ్వెనా, నా నోరా?" అని నవ్వేది. అవ్వ నోట్లో అప్పటికి నాలుగు పళ్ళే ఉండేవి.

మా అక్కను ఆత్మకూరులో ఇచ్చారు. బావకు అక్కడ ఇంటి ముందు గదిలోనే రేడియోలు, టీవీలు బాగుచేసే కొట్టు ఉండేది. అక్కను చూసే వంకతో పోయి నేను కొట్లోనే కూర్చునేవాడిని. సీసం కరిగే వాసనంటే నాకు సాంబ్రాణి వాసన కన్నా ఇష్టం. ఒకరోజు బావ అన్నాడు.

"బామ్మర్దీ, టీవీ రిపేర్లకు గిరాకీ తగ్గిపోతా ఉండాది. కొట్లో ఒక కంప్యూటర్ పెట్టి కార్ల రేసు ఆడిస్తే, బడి వదిలినాక పిల్లకాయలు ఎగబడతారు. నువ్వొచ్చి దాని దగ్గర కూర్చుంటావా?"

నేను ఆ మాట నాయనకు చెప్పడానికి వారం పట్టింది. ఒక రేసంటే మూడు రౌండ్లని కూడా చెప్పాను. ఆయన చేతిలో ఉలి ఆపకుండానే విన్నాడు.

"ఆ మిషను నా కళ్ళ ముందర మూడు రౌండ్లు ఆగకుండా తిరగాల. తిరిగితే నువ్వు ఆత్మకూరు పో. మధ్యలో ఆగిందా, వచ్చి ఈడ కూర్చొని దువ్వెనలు కొయ్. మళ్ళా కంప్యూటర్ మాటెత్తొద్దు."

"సరే నాయనా" అన్నాను. అప్పటి నుంచి కార్ల రేసులో మూడు రౌండ్లంటే నాకు నా బతుకే.

బావ నెల్లూరు పోయి, మిషన్లు మారుస్తున్న ఒక కంప్యూటర్ నేర్పే సెంటర్ వాళ్ళ దగ్గర పాత సామాను తెచ్చాడు. అసలు బోర్డు, దాని మీద కూర్చునే ప్రాసెసర్, హార్డ్ డిస్కు, కరెంటు ఇచ్చే డబ్బా, రంగుల మానిటరు. అన్నీ బల్ల మీద పాత పేపర్లు పరిచి పెట్టి వైర్లు కలిపాం. ఆన్ అయింది. గేము కూడా వచ్చింది. కాకపోతే కారు ఉబ్బసం ఉన్నవాడు మెట్లెక్కినట్టు పోయింది. రెండడుగులు పోతుంది, నిలబడుతుంది.

"ర్యామ్ చాల్లా" అన్నాడు బావ. "నాలుగు ఎంబీలే ఉండాది. ఇంకో నాలుగు కావాల."

ఇక్కడే నా మొదటి సలహా. చేతిలో ఉన్న కొంచెం డబ్బు దేనికి పెట్టాలంటే, లోపల పనిచేసేదానికి పెట్టండి. పైన కనపడేదానికి కాదు. బావ రేకు క్యాబినెట్ కోసం దాచిన డబ్బుతో ర్యామ్ ముక్క కొన్నాడు. అది తగిలించగానే కారు పోయిన పోకడ చూసి మేం కేక పెడితే అక్క వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. ఒక పూటంతా బల్ల మీద ఆడాం. ఒక్కసారి కూడా ఆగలేదు.

రెండో సలహా, కరెంటు. మా వైపు సాయంత్రం మోటర్లు ఆన్ చేస్తే బల్బు గుమ్మడిపండు రంగుకు వచ్చేది. కాబట్టి స్టెబిలైజర్ లేకుండా కంప్యూటర్ ముట్టుకోవద్దు. ఎర్తు కూడా ముఖ్యం. మేం మొదట పెట్టలేదు. కరెంటు డబ్బా తాకితే వేళ్ళు జిల్లుమన్నాయి. కొట్టు వెనక గొయ్యి తీసి, బొగ్గు, ఉప్పు వేసి పైపు దించి, రోజూ చెంబెడు నీళ్ళు పోసేవాళ్ళం. అక్క దాన్ని తులసికోట అనుకుందో ఏమో, మేం మర్చిపోయినా తను పోసేది.

ఇక మిగిలింది క్యాబినెట్. డబ్బు ర్యామ్‌కు పోయింది. బావ నా వైపు చూశాడు. నేను కొలతలు రాసుకుని ఉదయగిరి బస్సెక్కాను.

నాయన కొలతల కాగితం తిప్పి తిప్పి చూశాడు. "దీంట్లో ఏం పోస్తారు?" అన్నాడు.

"పోసేది కాదు నాయనా. మిషను పెడతారు. విలువైంది."

విలువైంది అన్న మాట నేను అనకుండా ఉండాల్సింది. బీరువా కోసం దాచుకున్న వేప పలకలు దించాడు ఆయన. పది రోజులు చేశాడు. అంచుల్లో తీగ, నాలుగు మూలలా ఆకులు చెక్కాడు. మూత పక్కనుంచి జరిపితే సర్రుమని పోయి టక్కున కూర్చునేది. వైర్లు బయటికి రావడానికి వెనక ఒకే ఒక్క రంధ్రం. అందులో కూడా ఎలుకలు దూరకుండా గుడ్డ కుక్కమన్నాడు. తలకిందులు చేసి ఊపాడు. మూత ఊడలేదు. "చీమ దూరదు" అన్నాడు. నేను కూడా గర్వంగా తలూపాను. ఇద్దరం కలిసి చేసిన తప్పు అదే, కానీ అప్పటికి తెలియదు.

ఆదివారం చర్చి అయ్యాక నాయన, అవ్వ, నేను పెట్టెతో బస్సెక్కాం. కండక్టరు దాన్ని చూసి రెండడుగులు వెనక్కేశాడు.

"ఏంది పెద్దాయనా, పామా?"

"కంప్యూటర్ పెట్టె" అన్నాడు నాయన.

పక్క సీట్లో మర్రిపాడు పోవాల్సిన గొర్రెల కాపరి ఒకాయన, ఒళ్ళో పొట్టేలు పిల్లతో కూర్చుని ఉన్నాడు. ఆయన ఊరుకోలేదు. "నా పిల్లకు టికెట్ కొట్టినావే, అంత పెట్టెకు కొట్టవా?"

"నీ పిల్ల సీటు మీద ఏం చేసిందో చూసినావా? పెట్టె ఏం చెయ్యలా" అన్నాడు కండక్టరు. బస్సంతా నవ్వింది. నాయన మాత్రం పొట్టేలు వైపు అనుమానంగా చూస్తూ, పెట్టెను ఆత్మకూరు దాకా ఒళ్ళో నుంచి దించలేదు.

కొట్లో సామానంతా పెట్టెలో బిగించాం. పెట్టె అందం చూసి అక్క మురిసిపోయి, టీవీకి కుట్టినట్టే దీనికీ ముందే కుట్టి ఉంచిన పూల గుడ్డ కప్పింది. ఆన్ చేసి, అన్నం తినొచ్చాం. అక్క చేపల పులుసు చేసింది కాబట్టి కొంచెం ఎక్కువసేపే తిన్నాం. వచ్చాక బావ స్టూలు మీద కూర్చుని రేసు మొదలుపెట్టాడు. నాయన వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మొదటి రౌండు బాగా తిరిగింది. రెండో రౌండులో మలుపు దగ్గర కారు నిలబడిపోయింది. స్పీకర్లోంచి కుయ్యిమని ఒకే కూత. బావ కీబోర్డు అంతా నొక్కాడు. ఏమీ కదల్లేదు.

"ఆగింది" అన్నాడు నాయన. "రేపు పొద్దున్నే కూర్చోరా, దువ్వెనలకు."

"మామా, ఒక్క నిమిషం. కరెంటు ఏమన్నా..." అన్నాడు బావ. స్టెబిలైజర్ చూశాడు, బాగానే ఉంది. ఆర్పి మళ్ళీ ఆన్ చేశాడు. ఈసారి మొదటి రౌండు కూడా కాలేదు. ర్యామ్ ఊడదీసి తుడిచి పెట్టాడు. అంతే.

అవ్వ అప్పటిదాకా మూల కూర్చుని ఆకు నములుతోంది. లేచి వచ్చి, పూల గుడ్డ తీసి, పెట్టె మీద అరచెయ్యి పెట్టింది.

"ఒరే, జొరం వచ్చిన బిడ్డ ఒంటిమాదిర కాల్తా ఉండాది కదరా ఇది!"

బావ మూత లాగాడు. లోపలి నుంచి వేడి గాలి ముఖానికి కొట్టింది. లోపల ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి పాపం. ఉన్న వేడినే తిప్పి తిప్పి పోస్తున్నాయి. బల్ల మీద ఎందుకు ఆగలేదో, పెట్టెలో ఎందుకు ఆగిందో అప్పుడర్థమైంది.

"మామా, మిషను మంచిదే. గాలి లేదు. డ్రిల్లుతో పక్కన నాలుగు బొక్కలు పెడితే..."

"బొక్కలా?" నాయన గొంతు మారింది. "నేను చేసిన పెట్టెకు బొక్కలా? పందికొక్కులు కొట్టినట్టు?"

"జీలకర్రకు గాలి తగలగూడదు. దీనికి తగలాల మామా."

"ఆ సంగతి ముందే చెప్పడానికి నోరు లేదా నీ బామ్మర్దికి?"

నేను నేల చూశాను. నాకు కూడా తెలియదని చెబితే ఇంకా కోపం వస్తుంది. నాయన సామానంతా తీయించి, ఖాళీ పెట్టె చంకన పెట్టుకుని బస్టాండుకు నడిచాడు. వెనక అవ్వ, ఆమె వెనక నేను. బావ నా వైపు చూసి చెయ్యి ఊపలేదు. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

సోమవారం పొద్దున బుద్ధిగా కూర్చున్నాను. నాయన నాకు కొయ్య ముక్కలు, సన్న రంపం ఇచ్చి, "దువ్వెనలు. వెడల్పు జానెడు. పళ్ళు రెండు పక్కలా" అన్నాడు. అంత వెడల్పు దువ్వెన ఎవరి నెత్తికి అని అడగబోయి మానుకున్నాను. ఆయన కూడా అవే కోస్తున్నాడు. ఆయన ఆరు కోసేలోపు నేను ఒకటి కోశాను. అందులో మూడో పన్ను వంకర పోయింది. దాన్ని పక్కకు తోసి ఇంకో ముక్క అందుకున్నాను. దాని పళ్ళు విరిగాయి. ఇంకోటి, అదీ విరిగింది.

బుధవారం నాయన పెట్టె తీసి, రెండు పక్కల పలకలకూ వెనక పలకకూ చదరంగా కిటికీలు కోశాడు. కోసేటప్పుడు పళ్ళు కొరుకుతూనే ఉన్నాడు. ఆ కిటికీల్లో దువ్వెనలు వరసగా నిలబెట్టి బిగించాడు. పన్నుకు పన్నుకు మధ్య సందు. గాలి పోతుంది, ఎలుక పోదు. చూడ్డానికి ఎక్కడా బొక్క పెట్టినట్టు లేదు. మొదటి నుంచీ అట్లాగే చేసిన పెట్టెలాగా ఉంది. వెనక కింది మూలకు వచ్చేసరికి ఒక దువ్వెన తక్కువైంది. నాయన నేను పక్కకు తోసింది తీసుకున్నాడు. వంకర పన్ను వేలితో తడిమి చూశాడు.

"గాలికి వంకరేంది, తిన్ననేంది" అని దాన్నే బిగించాడు.

మళ్ళీ ఆదివారం. మళ్ళీ బస్సు, మళ్ళీ అదే కండక్టరు. "పాముకు ఊపిరాడలేదా పెద్దాయనా?" అన్నాడు దువ్వెనలు చూసి. నాయన పెట్టెను ఒళ్ళోకి ఇంకా దగ్గరికి లాక్కున్నాడు.

బావ ఈసారి ముందే అక్కకు చెప్పాడు, గుడ్డ కప్పొద్దని. వెనక దువ్వెనల దగ్గర చిన్న ఫ్యాను ఒకటి, వేడి బయటికి తోసేట్టు పెట్టాడు. ఆన్ చేసి స్టూలు మీద కూర్చోబోతే నాయన భుజం పట్టుకుని లేపాడు.

"నువ్వు చెయ్యి తిరిగినోడివి, తొందరగా తిప్పేస్తావు. నేను తిప్పతా."

"మామా, నీకు ఆట రాదు గదా!"

"ఎద్దులబండి తోలినాను. ఇది తోల్లేనా?"

ఇక చూడండి. కారు గోడకు కొట్టుకుంది. వెనక్కి తిరిగింది. గడ్డిలో పోయింది. మలుపు వచ్చినప్పుడల్లా నాయన స్టూలుతో సహా ఒరిగేవాడు, "హోయ్, హోయ్" అని అరిచేవాడు. మొత్తం రేసుకు ఎదురు తిరిగి, వచ్చే కార్లన్నిటికీ అడ్డం పోయి, "వీళ్ళకు కళ్ళు లేవా?" అని తిట్టాడు. బావ పది నిమిషాల్లో ముగించే మూడు రౌండ్లు. ఆయనకు మొదటిది ముగిసేసరికి అక్క టీ పెట్టింది, తాగి గ్లాసులు కడిగేసింది కూడా.

"మామా, ఈలోపల బద్వేలు పోయి రావచ్చు" అన్నాడు బావ.

నాకు నవ్వు రాలేదు. ఎంతసేపు ఆడితే అంత వేడి. నేను వెనక పోయి కూర్చుని, దువ్వెనల దగ్గర చెయ్యి పెట్టుకుని ఉన్నాను. గాలి వస్తోంది. గోరువెచ్చగా. నా వంకర పన్ను దగ్గర కూడా వస్తోంది. రెండో రౌండు అయింది. పోయినసారి ఆగిన మలుపు వచ్చింది. దాటింది. మూడో రౌండులో నాయన రెండుసార్లు గోడ గుద్దాడు, ఒకసారి చెరువులో పడ్డాడు, చివరికి గీత దాటాడు. అందరికన్నా ఆఖరున వచ్చినట్టు తెర మీద పడింది. ఏమి పడిందో ఆయనకు చదవడం రాదు కాబట్టి, గెలిచినట్టే చేతులు దులుపుకున్నాడు.

మేమందరం ఆయన నోటి వైపు చూస్తున్నాం.

"ఆగలా" అన్నాడు. "మాట మాటే. ఉండిపోరా ఈడనే."

అవ్వ నా వీపు మీద ఒకటి చరిచింది. నేను లేచి నాయన దగ్గరికి పోయాను.

"నాయనా, సందు అట్ట సమానంగా ఎట్ట కోస్తావు? వచ్చి నేర్చుకుంటా. వారంలో రెండు రోజులు వస్తా" అన్నాను.

ఆయన నన్ను కిందికీ మీదికీ చూశాడు. "ముందు ఇది ఇంకో మూడు రౌండ్లు పెట్టు" అన్నాడు.

ఆ తర్వాత ఆయన ప్రతి ఆదివారం దువ్వెనలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడ్డానికని ఆత్మకూరు వచ్చేవాడు. దువ్వెనల వంక ఒక్కసారి చూసి స్టూలు మీద కూర్చునేవాడు. పిల్లకాయలు ఆయన లేచేదాకా బయట గుంపుగా నిలబడి, "తాతా, ఎదురొస్తా ఉండాది, పక్కకు తిప్పు" అని కేకలు పెట్టేవాళ్ళు.

కాబట్టి పిల్లకాయలూ, నా సలహాలు ఇంతే. ముందు ర్యామ్. ఆ తర్వాత స్టెబిలైజరూ ఎర్తూ. పెట్టెలో బిగించే ముందు ఒక పూటంతా బల్ల మీద ఆడి చూసుకోండి. బిగించాక మళ్ళీ ఒక పూటంతా ఆడి చూసుకోండి, అది ఇంకా ముఖ్యం. పూల గుడ్డ కప్పొద్దు. ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే పెట్టె మీద ఒకసారి చెయ్యి పెట్టి చూడమనండి.

ఇంత రాసేసరికి నా వేళ్ళు రంపం పట్టినదానికన్నా ఎక్కువ నొప్పి పెట్టాయి. ఎన్ని తప్పులు పోయాయో నాకు కనపడవు, మీకు కనపడతాయి. వెనక కింది మూల ఆ వంకర పన్నును మా నాయన ఎట్లా ఒప్పుకున్నాడో, మీరూ వీటిని అట్లాగే ఒప్పుకుని నన్ను క్షమించమని అడుగుతున్నాను.