రెండో భాగం, సగం సగం పేజీలుగా

మంగళవారం సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు ఆఫీసు ఆరో అంతస్తులో టీ మిషన్ ముందు వరుసలో నిలబడి ఉన్నాను. అప్పుడు అక్క ఫోన్ చేసింది.

"లోపలికి కాయితం పోనియ్యరంటనే," అంది. హలో అని కూడా అనలేదు.

శుక్రవారం పొద్దున ఆమె దవాఖానలో చేరాలి. ఎముక మజ్జ మార్పిడి కోసం కనీసం నాలుగు వారాలు ఒంటరి గదిలో ఉండాలి. పాత పుస్తకాల్లో దుమ్ము, బూజు ఉంటాయి కాబట్టి ఒక్క పుస్తకమైనా తేవద్దని ఆ రోజు చెప్పారట. స్పిరిట్‌తో తుడవడానికి వీలున్న వస్తువులే లోపలికి వెళ్తాయి.

"ఫోన్‌ల చదువుకోరాదా?" అన్నాను.

"ఫోన్ చూస్తె కండ్ల మంట. అయిదు నిమిషాలు గూడ చూస్తలేను. గా వెలుగు కొట్టని మిషన్ ఉంటదంట గద, పుస్తకాలు చదివేది. జర చూడు. రెండో భాగం అండ్ల దొరుకుతదో లేదో అది గూడ చూడు."

రెండో భాగం అంటే ఏమిటో నాకు తెలుసు. రెండు భాగాల పెద్ద నవల అది. మొదటిది ఆమె అప్పటికే పూర్తి చేసింది. రెండోది చాలా ఏళ్ళుగా అచ్చులో లేదు. నెల రోజుల కిందట కోఠిలో ఒక పాత ప్రతి దొరికితే నేనే కొని ఇచ్చాను. అట్ట తెరిస్తే తడి వాసన. మా ఇద్దరి మధ్య చిన్నప్పటి నుంచి ఒక పద్ధతి ఉంది. ఏ పుస్తకమైనా ముందు అక్క చదవాలి, తర్వాతే నాకు. కాబట్టి నేను దాన్ని తెరిచి చదవకుండానే బాచుపల్లిలో వాళ్ళింట్లో ఇచ్చి వచ్చాను.

"బయటికొచ్చినంక చదువుదువులే," అన్నాను.

"లోపల్నే చదువుత," అంది. కారణం చెప్పలేదు. నేనూ అడగలేదు. బయటికి వస్తుందని గట్టిగా చెప్పలేమని డాక్టర్ అన్నప్పుడు ఇద్దరం ఒకే గదిలో ఉన్నాం.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ పరీక్షించడం. ఏ వస్తువు కొన్నా ముందు పట్టిక తయారు చేస్తాను. ఆ సాయంత్రం కూడా చేశాను. బరువు, తెర సైజు, వెలుగు, బ్యాటరీ, పేజీ తిప్పే వేగం, స్పిరిట్ తగిలితే ఏమవుతుంది. పెద్ద తెరవి బరువు ఎక్కువ. అక్క ఎడమ చేతికి సూది ఉంటుంది, ఒక్క చేత్తోనే పట్టుకోవాలి. ఫోన్‌లో ఉండే పుస్తకాల యాప్‌లు కూడా పనిచేసే రకం ఒకటి ఉంది కానీ అది రావడానికి తొమ్మిది రోజులు పడుతుందన్నారు. శుక్రవారం లోపు దొరికేది ఆరంగుళాల చిన్నదొక్కటే.

బుధవారం మధ్యాహ్నం కొండాపూర్‌లో ఒక దుకాణానికి వెళ్ళాను. అక్కడి అతను వరసగా ట్యాబ్‌లు చూపించాడు.

"గీ బ్లాక్ అండ్ వైట్‌ది ఏం చేస్కుంటరు మేడమ్? గిండ్ల సిన్మా గూడ రాదు. పిల్లలకైతే ట్యాబ్ తీస్కోండ్రి."

"పిల్లలకు కాదు. చదువుకోవడానికే."

"ఉత్త చదువుకోనీకెనా?" అని లోపలికి వెళ్ళి, చాలా సేపు వెతికి, మూల పడిన డబ్బా ఒకటి తెచ్చాడు.

ఆఫీసుకు వచ్చి పరీక్షించాను. అందులోనే వచ్చిన ఇంగ్లీషు పుస్తకం తెరిచాను. అక్షరాలు పెద్దవి చేశాను, చిన్నవి చేశాను, వంద పేజీలు తిప్పాను. పట్టికలో అన్ని గళ్ళకూ సరే అని పెట్టాను. ఆ ధీమాతోనే ఫోన్‌లో ఒక తెలుగు పుస్తకాల యాప్ తెరిచి, అక్కకు నచ్చే కథల పుస్తకాలు మూడు కొన్నాను. రెండో భాగం అందులో లేదు.

నా పక్క సీటులో కూర్చునే అతను కాకినాడ వాడు. కాసేపు చూసి మెల్లగా అడిగాడు.

"అంతా బానే ఉందండి. తెలుగు పుస్తకం ఏదైనా ఎక్కించి చూశారాండి?"

చూడలేదు. పట్టికలో ఆ గడే లేదు. మా ఆఫీసులో ఏది పరీక్షించినా ఇంగ్లీషు మాటలతోనే పరీక్షిస్తాం. పన్నెండేళ్ళుగా అదే అలవాటు. అక్క చదివేది తెలుగు అని తెలిసి కూడా నాకు తట్టలేదు.

అతని దగ్గరున్న ఒక తెలుగు ఫైలు ఎక్కించి చూశాం. ఒత్తులు అక్షరాల కింద ఉండాల్సింది, పక్కకు వచ్చి నిలబడ్డాయి. కొన్నిచోట్ల ఉత్త డబ్బాలు. నేను కొన్న మూడు పుస్తకాలూ ఆ యాప్‌లో తప్ప ఇంకెక్కడా తెరుచుకోవు. ఆ మిషన్ అమ్మే కంపెనీ ఆన్‌లైన్ దుకాణంలో తెలుగు పుస్తకాలు కొన్ని సరిగ్గానే కనబడ్డాయి కానీ వాటిలో సగం అక్క చదివేసినవి, మిగతా సగం ఆమె ముట్టనివి.

గురువారం పొద్దున ఆమెకు చెప్పాను.

"టెస్టింగ్ జేసుడే గదనే నీ నౌకరి," అంది. "కొనేటప్పుడు టెస్ట్ చెయ్యవా?"

"ఇంగ్లీషువి మస్తు దొరుకుతున్నయ్ అక్కా."

"ఇంగ్లీషుల నాకు రిపోర్టులు చాలు."

అడ్మిషన్‌కు ఒక్క రోజే ఉంది. ఆ మధ్యాహ్నం సెలవు పెట్టి బాచుపల్లి వెళ్ళి, ఇచ్చిన పుస్తకాన్ని మళ్ళీ నేనే తెచ్చుకున్నాను.

దారి ఒకటే కనబడింది. అక్షరాలు ఎక్కించలేకపోతే బొమ్మలు ఎక్కించాలి. పేజీ మొత్తం ఫోటో తీస్తే ఆరంగుళాల తెర మీద అక్షరాలు చీమ తలకాయంత ఉన్నాయి. పై సగం ఒకటి, కింది సగం ఒకటి తీస్తే సరిపోయాయి. నలుపు తెలుపు చేసి, వరస తప్పకుండా కలిపి, ఆ మిషన్‌కు ఉండే మెయిల్ చిరునామాకు పంపితే అందులో చేరుతుంది. తుడిచిన మిషన్‌ను కవర్లో పెట్టి శుక్రవారం లోపలికి పంపించాం. శనివారం మొదటి ఇరవై పేజీలు పంపాను.

మణికొండలో మా బాల్కనీలోకి ఆరున్నరకు వెలుగు వస్తుంది. ఎనిమిదింటికి ఆఫీసు క్యాబ్. ఆ గంటన్నరలో ఇరవై పేజీలు, అంటే నలభై ఫోటోలు. నవల మూడు వందల పదహారు పేజీలు. పదహారు రోజుల్లో అయిపోతుందని లెక్క వేసుకున్నాను. ఆమె నుంచి మధ్యాహ్నం మెసేజ్ వచ్చేది.

"నలభై ఏడుల నీ బొటనవేలు పడ్డది. గోరు తీస్కో."

ఇంకో రోజు: "అరవై రెండు వంకర. మెడ నొస్తున్నది."

మెసేజ్ రాని రోజు సీటులో కూర్చోలేకపోయేదాన్ని. ఒంటి గంట దాటితే ఫోన్ తెర పైకి పెట్టుకుని మీటింగులో కూర్చునేదాన్ని. రెండున్నరకు బొటనవేలు తిట్టు ఒకటి వస్తే అప్పుడు అన్నం తినేదాన్ని.

పదకొండో రోజు ఆమెకు జ్వరం మొదలైంది. "ఇయ్యాల్టి నుంచి పది చాలు," అని పంపింది.

ఫోటో తీసేటప్పుడు చదవకుండా ఉండలేం. చిన్నప్పటి నుంచి మొదటిసారి, ఒక పుస్తకం ఆమె కంటే ముందు నేను చదువుతున్నాను. పన్నెండో రోజు పొద్దున రెండు వందల పదిహేనో పేజీ దగ్గర ఆగాను. కథలోని పెద్దామెకు జ్వరం వస్తుంది. ఎనిమిది పేజీలు జ్వరం, తొమ్మిదో పేజీలో ఇల్లు ఖాళీ. ఆ ఎనిమిది పేజీలు ఫోటో తీశాను. పంపేటప్పుడు వాటిని తీసేసి మిగతావి పంపాను.

మధ్యాహ్నం మెసేజ్ రాలేదు. నాలుగింటికి ఫోనే వచ్చింది. గొంతు బాగా తగ్గిపోయి ఉంది.

"రెండు వందల పద్నాలుగు తర్వాత రెండు వందల ఇరవై మూడు ఎట్లొస్తదే?"

"పొరపాటయింది అక్కా."

"ఇరవై రెండేండ్ల సంది పిల్లలకు లెక్కలు చెప్తున్న. ఎనిమిది పేజీలు ఏడ పోయినయ్?"

"నా ఫోన్‌లనే ఉన్నయ్ అక్కా."

"ఆమె పోతదని నాకు మొదటి భాగంలనే ఎరుక," అంది. "నువ్వే ఆలస్యంగ చదివినవ్. పంపు."

పంపాను. పంపిన తర్వాత మెట్ల దగ్గరికి వెళ్ళి చాలా సేపు నిలబడ్డాను. ముందు దాచడం తప్పో, ఇప్పుడు పంపడం తప్పో తెలియలేదు. మర్నాడు పదకొండింటికి మెసేజ్ వచ్చింది.

"మంచిగ రాసిండు. ఊకె ఏడిపియ్యలే. ఇగ ఏం దాపెట్టకు."

దాచలేదు. రోజుకు అయిదు పేజీలకు దిగాం. పదిహేనో రోజు పొద్దున ఆమె పంపింది: "243 కింద సగం మసక. మల్ల తియ్." నేను క్యాబ్‌లో ఉన్నాను. పుస్తకం ఇంట్లో ఉంది. మాదాపూర్ సిగ్నల్ దగ్గర దిగి, ఆటోలో వెనక్కి వెళ్ళి, కిటికీ దగ్గర పుస్తకం పెట్టి మళ్ళీ తీశాను. ఈసారి మూడుసార్లు పెద్దది చేసి చూసుకుని పంపాను. అప్పుడు పది గంటలు దాటింది. పన్నెండింటికి ఆమెను ఐసీయూకు మార్చారు. అందులోకి మిషన్ పోనివ్వలేదు. ఆ పేజీ ఆమె చూసిందో లేదో అప్పుడు మాకు చెప్పగలిగేవాళ్ళు లేరు.

అక్కడ నాలుగో రోజు అక్క పోయింది.

వారం తర్వాత దవాఖాన వాళ్ళు ఆమె వస్తువులు ఒక కవర్లో పెట్టి ఇచ్చారు. మిషన్ తుడిచి ఉంది, బ్యాటరీ అయిపోయి ఉంది. ఛార్జింగ్ పెట్టి తెరిచాను. రెండు వందల నలభై మూడు, మసకగా వచ్చిన కింది సగం దగ్గర ఆగి ఉంది. మళ్ళీ తీసి పంపింది తెరవలేదు. నేనూ తెరవలేదు.

పుస్తకంలో ఇంకా డెబ్బై మూడు పేజీలు ఉన్నాయి. ముందు అక్క చదవాలి. పొద్దున బాల్కనీలో పేజీలు ఫోటో తీయడం ఇప్పుడు లేదు.