కొండ మీద వంతు ఎవరిది

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ వయసులో కూడా రేడియోలో ఎవరో పెద్దమనిషి కూర్చుని, ఫలానా దేశం ఫలానా దేశం మీదికి రానే రాదు అని నింపాదిగా చెబుతుంటే, లేచి వెళ్ళి టక్కున ఆపేస్తాను. "ఆయన చెప్పుకునేది ఆయన చెప్పుకుంటాడు, మధ్యలో మీకేం పోయింది?" అంటుంది మా ఆవిడ. ఏం పోయిందో ఆమెకు తెలుసు. తెలిసే అంటుంది.

యాభైల చివర్లో నన్ను దొరవారిసత్రానికి తూర్పుగా, పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న ఒక చేపలవాళ్ళ ఊరికి బడిపంతులుగా వేశారు. ఒక గది, ఒక అయ్యవారు. తపాలా పని కూడా నా నెత్తినే పెట్టారు. రైలు స్టేషన్ నుంచి సంచీ వచ్చేది. దాంతోపాటు ఒకరోజు పాతబడిన పేపరు. సాయంత్రం బడి అరుగు మీద కూర్చుని ఆ పేపరు పైకి చదివేవాణ్ణి. రష్యా ఏం చేసింది, అమెరికా ఏమంది, అన్నీ నా నోటి నుంచే ఆ ఊరికి తెలియాలి. అబ్బో, ఆ రోజుల్లో నా గొప్ప అంతా ఇంతా కాదు. అర్థం కాని సంగతిని కూడా కనుబొమలెత్తి మరీ వివరించేవాణ్ణి.

నేను వెళ్ళేనాటికే ఆ ఊరి నుంచి ఒకడు మిలిటరీలో ఉన్నాడు. ఒక్కడే. తండ్రి లేడు. తల్లి చేపల గంప నెత్తిన పెట్టుకుని దొరవారిసత్రం దాకా నడిచి అమ్ముకొచ్చేది. ఆమెకు చదువు రాదు కాబట్టి వాడి జాబులు నేనే చదివేవాణ్ణి, ఆమె జవాబులు నేనే రాసేవాణ్ణి. జాబు వచ్చిందంటే ఊరంతా అరుగు దగ్గర చేరేది. కొండలు, కంచరగాడిదల మీద మోసుకుపోయే బియ్యం, కాళ్ళు తిమ్మిరెక్కే మంచు. మంచంటే ఏమిటో చూడని వాళ్ళకి నేను మంచు గురించి చెప్పేవాణ్ణి. నేనెక్కడ చూశాను గనక! అయినా చెప్పేవాణ్ణి. నా పెద్దరికంలో సగం వాడి జాబుల పుణ్యమే అని నాకు లోలోపల తెలుసు.

అరవై రెండు మొదట్లో, చలికాలంలో, వాడి దగ్గర్నుంచి ఒక జాబు వచ్చింది. చేరినప్పుడు రాసిచ్చిన గడువు వేసవికి తీరిపోతుందట. ఇంకా ఉంటావా, ఇంటికి పోతావా అని పైవాళ్ళు అడుగుతున్నారట. అమ్మ ఏం చెబితే అది చేస్తానని రాశాడు.

ఆమె ఊరి పెద్దకాపు దగ్గరికి పోయింది. మా సరస్సులో వల వేసే తావులకు వంతులుంటాయి. ఈరోజు ఈ తావు ఈ ఇంటిది, రేపు ఇంకో ఇంటిది. తన వంతు కాని తావులో, పిల్లలు పస్తులున్నా సరే, ఏ మగాడూ వల ముంచడు. ఇంటి మగాడు చాన్నాళ్ళు దిగకపోతే ఆ వంతు తీసేస్తారు. పెద్దకాపు మంచివాడు, "నీ బిడ్డ వంతు నేను నిలబెడతాలే, దాని గురించి ఆలోచన చేయబాక" అన్నాడు. ఇక ఆమెకు మిగిలింది ఒకే ఒక్క ప్రశ్న. అది పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"అయివోరా, ఆ చీనావోళ్ళతో యుద్దం వస్తాదా? వస్తాదంటే నా బిడ్డను వచ్చెయ్యమని రాయి. రాదంటే ఉండనీ. నువ్వు పేపర్లు చదువుతావు గదా."

నాకు తెలియదు అనొచ్చు గదా? అనలేదు. "కనుక్కుని చెబుతాను" అన్నాను.

ప్రతి చలికాలం మద్రాసు నుంచి ఇద్దరు పెద్దలు పక్షులను చూడటానికి మా సరస్సుకు వచ్చేవాళ్ళు. ఒకాయన మన ప్రభుత్వం తరఫున నాలుగైదు దేశాల్లో పనిచేసి రిటైరైనాడు, పుట్టింది మన జిల్లాలోనే. మెడలో దుర్భిణి వేలాడేసుకుని తిరుగుతాడని ఊళ్ళోవాళ్ళు ఆయనకు కొంగల దొర అని పేరు పెట్టారు. రెండో ఆయన మిలిటరీలో డాక్టరుగా చేసినాయన. మాట తక్కువ. ఆ ఏడు వాళ్ళను పడవలో తిప్పింది పెద్దకాపే. వీలు చూసుకుని నేనూ ఎక్కాను.

కొంగల దొరను అడిగాను. ఆయన దుర్భిణి దించకుండానే పాఠం మొదలుపెట్టాడు. సరిహద్దు గీత ఎవరు గీశారు, ఎప్పుడు గీశారు, ఏ దేశానికి ఏ దేశం అండ, ఎవరికి ఎవరితో అవసరం. ఎంత చక్కగా చెప్పాడో! నేను నోరు తెరుచుకుని విన్నాను. చివరికి, "మాటలు సాగుతాయి పంతులుగారూ, పదేళ్ళు సాగుతాయి. గడ్డి మొలవని కొండల కోసం రెండు పెద్ద దేశాలు కొట్టుకోవు" అన్నాడు.

గెడ వేసి పడవ నడుపుతున్న పెద్దకాపు ఉండబట్టలేక అడిగాడు. "అయ్యా, ఆ కొండ మీద కూడా మా మాదిరి వంతులు పెట్టుకోకూడదా? ఒక నెల వాళ్ళు, ఒక నెల మనం. తగువే ఉండదు గదా."

దొర పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను, ఆయన నవ్వాడని. డాక్టరుగారు నవ్వలేదు. నీళ్ళకేసి చూస్తూ, "ఆ కుర్రవాడు ఎక్కడున్నాడు?" అని నన్ను అడిగాడు. జాబుల్లోంచి నాకు తెలిసినంత చెప్పాను. "నా కొడుకే అయితే నేను వచ్చెయ్యమంటాను" అన్నాడు. అంతే. కారణం చెప్పలేదు.

ఒడ్డుకొచ్చాక జాబు రాశాను. ఆమె ఎదురుగానే కూర్చుంది. దొరగారు చెప్పింది ఒక్క ముక్క వదలకుండా చెప్పాను, రాశాను. డాక్టరుగారి మాట చెప్పలేదు, రాయలేదు. కారణం లేని మాట ఒక మాటేనా అనుకున్నాను. అప్పుడు అలా అనుకున్నాను. అసలు సంగతి ఇంకొకటి ఉంది, దాన్ని ఒప్పుకోవడానికి నాకు ఏళ్ళు పట్టింది. వాడు వచ్చేస్తే జాబులు ఆగిపోతాయి. అరుగు మీద మంచు గురించి చెప్పడానికి నాకేమీ మిగలదు.

వాడు ఉండిపోయాడు.

ఆ ఏడు అక్టోబరులో చైనా మన మీదికి వచ్చింది; ఆ వార్త ఉన్న పేపరును అరుగు మీద సగంలోనే మడిచేశాను. నవంబరు దాటాక తంతి వచ్చింది. చనిపోయాడని కాదు, కనబడటం లేదని. నేనే తీసుకున్నాను, నేనే చదివి చెప్పాను. ఆమె ఏడవలేదు. నా మొహంలోకి చూసి అడిగింది, "ఆ పొద్దు ఆ కొండ మీద వంతు ఎవురిది అయివోరా? మనదేనా? మనది కాని పొద్దు నా బిడ్డ ఆడెందుకు నిలబడినాడు?"

ఈనాటికీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. తలకు పోసుకుంటున్నా, అన్నం కలుపుకుంటున్నా చెవిలో వినబడుతుంది.

తంతి వచ్చిన పది రోజులకు వాడి జాబు వచ్చింది. యుద్ధానికి ముందు వేసింది, ఎక్కడెక్కడో ఆగి ఆగి వచ్చింది. సంచీలో ఆ దస్తూరీ కనబడింది. బతికున్నాడేమోనని చించాను. తారీఖు చూసి, మిగిలింది చదివాను. చలి ఎక్కువైందని, కాళ్ళకు బూట్లు చాలడం లేదని రాశాడు. ఆ కింద, "అయివోరు రాసిన పెద్దాయన మాట ఇక్కడ మా వాళ్ళందరికీ చదివి వినిపించినాను. అందరికీ ధైర్యం వచ్చింది" అని ఉంది.

అందరికీ. వాళ్ళెందరో, ఏ ఊళ్ళవాళ్ళో నాకు తెలియదు. ఆ మాట చదివాక చాలాకాలం బడిలో పిల్లలకు ఎక్కాలు కూడా సరిగ్గా చెప్పలేకపోయాను.

మరుసటి చలికాలం ఆ ఇద్దరూ మళ్ళీ వచ్చారు. నేను ఒళ్ళు మండిపోయి ఉన్నాను. పడవ దగ్గరే నిలబడి కొంగల దొరను దులిపేశాను. "చదువుకున్నారు, దేశాలు తిరిగారు, ఒక తల్లికి సరైన మాట ఒక్కటి చెప్పలేకపోయారే!" అని అరిచాను. ఆయన మొహం పాలిపోయింది. "నాదే తప్పు పంతులుగారూ. నాలాంటివాళ్ళందరిదీ తప్పే" అన్నాడు. ఇంకా అరిచేవాణ్ణే. డాక్టరుగారు నా దగ్గరికి వచ్చి, మెల్లగా అడిగాడు.

"నేను చెప్పింది ఆమెతో అన్నారా?"

అరుపు ఆపి తల దించుకున్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, తీసేసి, పడవెక్కాడు.

తంతి వచ్చిన నాటి నుంచి దాదాపు మూడేళ్ళు ఆమె గంప ఎత్తుకుని బడి ముందు నుంచి పోతూ కొంగల దొరను తిడుతూనే ఉంది. "వాడి నోట్లో మన్ను పడ, నా బిడ్డను మింగినాడే" అని దుమ్మెత్తి పోసేది. పోతూ పోతూ నా గడపలో నాలుగు చేపలు వేసి పోయేది. నేను తినేవాణ్ణి. సిగ్గులేని జన్మ, తినేవాణ్ణి.

అరవై అయిదులో మళ్ళీ యుద్ధం, ఈసారి ఇంకో సరిహద్దులో. సాయంత్రం జనం అరుగు చుట్టూ చేరారు. "ఏమవుతాది అయివోరా?" అని అడిగారు. పేపరు మడిచి పెట్టి నాకు తెలియదన్నాను. ఆ ఊళ్ళో ఆ మాట అనడం అదే మొదటిసారి. అందరూ వెళ్ళిపోయాక ఆమె మిగిలింది. అప్పుడు చెప్పేశాను. డాక్టరుగారు ఏమన్నాడో, నేనేం దాచానో, ఎందుకు దాచానో. జాబుల గొప్ప సంగతి కూడా దాచలేదు.



"మూడేళ్ళు ఆ ముసిలాయన్ని తిట్టినాను. నువ్వు వింటానే ఉండావు. నా చేపలు తింటా విన్నావు."

లేచి వెళ్ళిపోయింది. నాలుగు రోజులు బడి ముందు నుంచి పోలేదు, చుట్టుదారిన పోయింది. అయిదోరోజు పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చుంది. చేతిలో తెల్లకాగితం, తానే కొనుక్కొచ్చింది.

"జాబు రాయాల. నా బిడ్డకు. ఈ ఊళ్ళో రాయను వచ్చినోడివి నువ్వొక్కడివే అయిపోయినావు, ఏం చేసేది."

పాత చిరునామాకే. ఆమె చెప్పింది, నేను రాశాను. వానలు పడినాయి, రొయ్య బాగా పడతా ఉండాది, నీ వంతు పెద్దకాపు తీసెయ్యలేదు, మోకాళ్ళు నొప్పులు. అయిపోయాక, "చదువు" అంది. చదివాను. "మళ్ళా చదువు" అంది. మళ్ళీ చదివాను. నా పెదాల మీద నుంచి చూపు తిప్పలేదు.

"నేను చెప్పిందాంట్లో ఏమన్నా ఇడిసిపెట్టినావా?"

"లేదమ్మా."

"అయితే పంపించు."

నెల తర్వాత ఆ జాబు తిరిగి నా సంచీలోనే వచ్చింది, అడ్డంగా ముద్ర కొట్టి. దాన్ని పొయ్యిలో వేస్తే ఎవరికీ తెలియదు. తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టాను. వాడికి అందలేదని చెప్పాను. ఆమె దాన్ని కొంగున ముడేసుకుని, ఇంకో కాగితం తీసి నా ముందు పెట్టింది.

"రాయి" అంది.