పంటు ఎక్కనన్న గేదె

అది 2022 జూలై. గోదావరి లంకలు మునుగుతున్న రోజులు. రాజోలు దగ్గర ఒక పల్లెలో పశువుల డాక్టరుగా చేరి నాకు అప్పటికి మూడేళ్లు. కొట్టకుండా, తోక మెలిపెట్టకుండా పశువును తోలడం రైతులకు నేర్పాలన్నది నా పిచ్చి. "డాక్టరమ్మగారు గేదెల్ని కూడా మీరు అంటారండోయ్" అని వెనకాల నవ్వుకునేవారు. కోపం వచ్చేది గానీ నేను మానలేదు.

ఆ ఉదయం లంకలోని పశువులను పంటు మీద ఏటిగట్టుకు చేరుస్తున్నారు. రెండు పడవలు కలిపి పైన బల్లలు పరిస్తే అదే పంటు. అన్నీ ఎక్కాయి, మంగమ్మగారి గేదె తప్ప. ఆవిడ ఒంటరి మనిషి, ఆ గేదె పాలే ఆవిడకు ఆధారం. పైగా దానికి నెలలు నిండాయి. మామూలప్పుడు ఏరు ఈదేసే జంతువే, ఆ వరదలో ఆ కడుపుతో ఈదలేదు. కంగారులో జారిపడితే తల్లీ దక్కదు, దూడా దక్కదు. వదిలేద్దామంటే నీళ్లు పాక గుమ్మం దాకా వచ్చేశాయి.

నేను వెళ్లేసరికి ఇద్దరు తాడు లాగుతున్నారు. పంటు నడిపే సత్యంగారు తోక మెలిపెడుతున్నారు.

"ఆపండి!" అని అరిచాను.

"ఎంత కొట్టినా దున్నపోతు మీద వానేనండీ. మనుషుల్ని దాటించడానికి ఇంకా రెండు ట్రిప్పులుండిపోయేయి."

"ఐదు నిమిషాలివ్వండి."

"ఆయ్. ఐదంటే ఐదేనండి."

గేదె కళ్ల ఎత్తుకు వంగి చూశాను. బల్లల సందుల్లో నీళ్లు తళతళలాడుతున్నాయి. అది నేల అని దానికెలా నమ్మకం కుదురుతుంది? సందులు కనిపించకుండా తడి గడ్డి పరిపించాను. అందరినీ దూరం జరిపి, ఫ్లైట్ జోన్ గురించి అక్కడే పాఠం మొదలుపెట్టాను. మనం దగ్గరికొస్తే పశువు బెదిరి కదిలే దూరం అది. ఆ హద్దు తెలుసుకుని నిలబడితే కర్రతో పనిలేదని చెప్పి, నేను మాత్రం దర్జాగా పంటు పక్కనే నిలబడ్డాను.

గేదె గడ్డి వాసన చూసింది. ఒక కాలు వేసింది. తలెత్తి, బుస్సుమని వెనక్కి తగ్గింది. రెండోసారీ అంతే. సత్యంగారు మళ్లీ తోక వైపు నడిచారు.

అప్పుడు మంగమ్మగారు నసుగుతూ దగ్గరికొచ్చారు. "ఏమనుకోకండి డాక్టరమ్మగారూ... తవరు కాస్త అవతలకి వెళ్తారాండి?"

"నేనా? ఎందుకండీ?"

"పోయిన వారం సూదులేసింది తవరే కదండీ. ఈ నీలం కోటు చూస్తే దానికి గుండె జారిపోతోందండి. ఇందాకటి నుంచి చెబుదామనే అనుకుంటున్నాను, మొహమాటం అడ్డొచ్చేసిందండి."

అందరి ముందూ నా ముఖం మాడిపోయింది. గేదె ప్రాణం మీదకొచ్చినా డాక్టరుగారిని పక్కకి జరగమనలేని మర్యాద మా కోనసీమలోనే ఉంటుందేమో! కోటు విప్పి సంచిలో కుక్కి, వానలో తడుస్తూ కొబ్బరిచెట్ల వెనక్కి పోయాను.

మంగమ్మగారు కుడితి బకెట్ పట్టుకుని ముందు తాను ఎక్కారు. బకెట్ తడుతూ "రా తల్లీ, రా" అన్నారు. గడ్డి మీద మెత్తగా గిట్టల చప్పుడు వినిపించింది.

"ఎక్కేసిందండోయ్! ఇంక బయటకి రండి!" అని సత్యంగారు కేకేశారు.

"గట్టు చేరేదాకా నేను రానండీ!" అన్నాను. తర్వాతి ట్రిప్పులోనే ఏరు దాటాను.

మూడో రోజు గట్టు మీద, టార్పాలిన్ కింద, ఆడదూడ పుట్టింది. నన్ను పిలవలేదు, అవసరం పడలేదట. సత్యంగారు ఒక స్టీలు క్యానుతో మా ఆసుపత్రికి వచ్చారు.

"జున్నుపాలండి, మంగమ్మగారు పంపించారు. డాక్టరమ్మగారు చెట్టు చాటుకి వెళ్లబట్టే ఈ దూడ దక్కిందని మరీ మరీ చెప్పమన్నారండి."

నాకు కళ్లనీళ్లు వచ్చేశాయి. పశువు దగ్గర ఎక్కడ నిలబడాలో చదువులో నేర్పారు. ఎప్పుడు తప్పుకోవాలో మంగమ్మగారు నేర్పారు. ఇప్పుడు ఏ ఇంటికెళ్లినా గుమ్మంలోనే నా మొదటి ప్రశ్న ఒకటే: "మొహమాటపడకండి, మీ గేదెకి నేనంటే భయమా?"