డాక్టర్ సాబ్ ముక్కు, నాయనమ్మ అత్తరు

మొన్న మనవడి పన్ను చూపించడానికి వెళ్ళి డాక్టరు గది తలుపు తీయగానే లవంగనూనె వాసన గుప్పుమంది. వాడు భయంతో నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. నాకేమో నవ్వు ఆగలేదు.

నిజాం కాలంలో మా ఇల్లు ఉప్పుగూడలో ఉండేది. వానలు తగ్గి, బండ్ల మీదికి సీతాఫలాలు దిగి, నాన్న మాదన్నపేట నుంచి తెచ్చిన మక్కకంకులను అమ్మ నిప్పుల మీద కాలుస్తుంటే, నాయనమ్మ బతుకమ్మకని రొట్టెలు నలిపి బెల్లం కలిపి మలీద ముద్దలు కడుతుంటే, మేమంతా గల్లీలో చిర్రగోనె ఆడే రోజులవి. ఆ ఆటలోనే గోనెకర్రతో కొట్టిన చిర్ర, ఆ పొట్టి కర్రముక్క, ఎగిరొచ్చి నా ముందు పంటికి తగిలింది. పాలపన్ను కాదు, పోతే మళ్ళీ రాదు. కొన్నాళ్ళకు అది నల్లబడి, చిగుళ్ళు వాచి, చీము పట్టింది.

పత్తర్‌గట్టి దగ్గరి డాక్టర్ సాబ్ పీకకుండానే బాగుచేస్తానన్నారు. పంటికి రంధ్రం చేసి, వేరు లోపలంతా సన్నటి సూదులతో గీకి, కడిగి, కర్పూరం కలిపిన ఘాటు మందులో ముంచిన పత్తి పోగును అందులో దోపి మూత వేసేవారు. వారం తర్వాత ఆ పోగును లాగి ముక్కు దగ్గర పెట్టుకునేవారు. పాడు వాసన వస్తే లోపల చీము ఇంకా ఉన్నట్టే. వెళ్ళినప్పుడల్లా వస్తూనే ఉంది.

"ఈసారి సుత గిట్లనే ఉంటే పీకుడే అమ్మా," అన్నారు నాయనమ్మతో.

వచ్చే ఏడు బతుకమ్మ పాటలు తొర్రి నోటితో పాడాలా అని నేను ఇల్లెగిరిపోయేలా ఏడ్చాను. నాయనమ్మ మాత్రం తంటా అంతా వాసనతోనే కదా అనుకుంది. పక్కింటి ఖాలా అత్తరు సీసా పట్టుకొచ్చి, "జర ఇది పూయ్ అమ్మా, ఇగ ఫికర్ లేదు," అంది. బయలుదేరే ముందు నాయనమ్మ నా పంటికీ పెదాలకీ జడకీ అత్తరు దట్టంగా పట్టించింది. నాలుకకు తగిలితే చేదు విషం! టాంగావాలా వెనక్కి తిరిగి, "షాదీకి పోతున్నరా అమ్మా?" అని అడిగాడు.

డాక్టర్ సాబ్ పోగు తీసి వాసన చూశారు. మళ్ళీ చూశారు. కిటికీ దగ్గరికెళ్ళి కూడా చూశారు.

"ఏందమ్మా ఇది! పన్ను తెచ్చిన్రా, అత్తర్ దుకాణం తెచ్చిన్రా?"

"మంచి వాసనే వస్తుంది గద సాబ్, ఇగ పీకకుండ్రి," అని నాయనమ్మ చేతులు జోడించింది.

ఆయన కుర్చీలో కూలబడి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వారు. మంచి వాసన కాదు, అసలు ఏ వాసనా రాకూడదని విడమరిచి చెప్పి, మందు మార్చి, ఇంకో వారం గడువిచ్చారు.

ఆ వారం అమ్మ వెల్లుల్లి పోపు మానేసింది. ఖాలా మా వైపు కిటికీ మూసి వంట చేసింది. ఎవరెంత చెప్పినా వదలని జర్దా పాన్‌ను నాయనమ్మ తనంతట తానే వదిలేసి, ఆ కోపమంతా ఇంటిల్లిపాది మీదా చూపించింది.

గడువు తీరాక డాక్టర్ సాబ్ పోగు లాగి, వాసన చూసి, నాయనమ్మ చేతిలో పెట్టారు.

"మీరే చూడుండ్రి."

నాయనమ్మ చాలాసేపు చూసింది. "ఏం లేదు బిడ్డా! ఏం వాసన లేదు!" అని నన్ను వాటేసుకుని ఏడ్చేసింది. అంతటి సంతోషం నేను మళ్ళీ ఎరగను. తిరుగుదారిలో మొదటి పాన్ డబ్బా దగ్గరే టాంగా ఆపించింది.

ఇప్పటి డాక్టరు మా వాడి పంటిని తెర మీద బొమ్మలో చూశాడు. పత్తి పోగు లేదు, దాన్ని వాసన చూసే ముక్కూ లేదు. ఖాలా ఇంటి చోట దుకాణాలొచ్చాయి. నా పళ్ళు కూడా ఒకటొకటిగా ఊడిపోగా, ఆ ఒక్కటే, కాస్త రంగు మారి, నిలబడింది. పనిలో పనిగా దాన్నీ తీసేసి కట్టుడు పళ్ళ సెట్టు పెడతానన్నాడు డాక్టరు.

"ఇది మా నాయనమ్మ వాసన చూసిన పన్ను," అన్నాను. "పీకుడు లేదు."