కోటలోవాళ్ళ షరతు

గరాజ్ తలుపు కీచుమంటూ లేచిందంటే నేను కుదురుగా కూర్చోలేను. ఎన్నిసార్లు నూనె వేయించినా ఆ చప్పుడు పోలేదు. అది వినబడినప్పుడల్లా పక్కింటి కాటరీనా ఆంటీ గుర్తొస్తారు.

ఇక్కడ అమెరికాలో, మా నేపర్‌విల్‌లో, బాగా దగ్గరివాళ్ళు బెల్ కొట్టరు. గరాజ్ తలుపు పక్కనున్న అంకెల మీటలమీద కోడ్ నొక్కి నేరుగా వంటింట్లోకి వస్తారు. మా కోడ్ తెలిసిన ఏకైక స్నేహితురాలు సునీత. అంతటి సునీత తన గృహప్రవేశానికి నన్ను బొట్టు పెట్టి పిలవలేదు. వాట్సాప్ గ్రూప్‌లో అందరికీ కలిపి ఒక మెసేజ్, చివర నమస్కారం బొమ్మ. నేను వెళ్ళలేదు. ఆ సాయంత్రమే కోడ్ మార్చేశాను.

అప్పటినుంచీ కాలు నిలవలేదు. వీధిలో ఏ కారు ఆగినా కిటికీ దగ్గరికి పరిగెత్తేదాన్ని. ఒకరోజు సునీతే వచ్చింది. పాత కోడ్ నొక్కింది, మళ్ళీ నొక్కింది, కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. టమాటా మొక్కలకు నీళ్ళు పడుతున్న ఆంటీ అదంతా చూశారు. నేను బయటికి రాగానే కంచె దగ్గరికి పిలిచారు.

ఆవిడ పుట్టింది గ్రీసులో, మోనెమ్వసియా అనే కోట ఊళ్ళో. సముద్రంలో పెద్ద బండ, దాన్ని నేలతో కలిపే సన్నటి దారి ఒక్కటే.

"ఎప్పుడో ఏడొందల ఏళ్ళ కిందట ఫ్రాంకుల దొర, అంటే ఫ్రెంచి దొర, మా కోటను మూడేళ్ళు ముట్టడించాడమ్మాయ్," అన్నారు. ఆవిడ ఇంగ్లీషు నాకు తెలుగులోనే గుర్తుంది. "లోపలివాళ్ళు ఎలుకల్నీ పిల్లుల్నీ కూడా తిన్నారట."

"అదీ పట్టుదలంటే!" అన్నాను, నేనే ఆ కోటలో ఉన్నట్టు.

"ఆ తర్వాత కోట తాళాలు వాళ్ళే తెచ్చి దొరకిచ్చారు."

"ఓడిపోయారా?"

"షరతు పెట్టి ఇచ్చారు. మీ యుద్ధాలకు మా ఓడలతో వస్తాం, అదీ జీతమిస్తేనే, ఇంకే చాకిరీ చెయ్యం అన్నారు. దొర ఒప్పుకున్నాడు. నీ షరతేమిటో ఆ అమ్మాయికి చెప్పావా? లేక పిల్లుల్ని తినేదాకా ఆగుతావా?"

ఒళ్ళు మండింది. కొన్నాళ్ళు ఆవిడతోనూ మాట్లాడలేదు. చివరికి సునీతకు ఫోన్ చేశాను.

"బొట్టు పెట్టి పిలువు. అప్పుడు కొత్త కోడ్ చెప్తా."

"గృహప్రవేశమై ఆర్నెల్లయింది కదే తల్లీ! ఇప్పుడు దేనికని పిలవను?"

"అది నీ ఇష్టం."

"అప్పుడే ఫోన్ చేసి నాలుగు తిట్టొచ్చుగా! ఈ కోడ్ మార్చడాలేంటి, బ్యాంక్ లాకర్‌లాగా?"

తిడుతూనే కుంకుమ భరిణతో వచ్చింది. గరాజ్ బయట నిలబడి, బొట్టు పెట్టి, నవ్వకుండా అంది: "శనివారం మా ఇంట్లో ఉప్మా. తప్పకుండా రావాలండీ."

కోడ్ చెప్పాను.

ఆంటీ ఇప్పుడు లేరు. సునీత మెసేజ్ నేనింకా డిలీట్ చేయలేదు, చేయను కూడా. కాకపోతే ఇప్పుడు ఎవరిమీద కోపమొచ్చినా, తలుపు మూసేముందే నాకేం కావాలో మొహమ్మీద చెప్పేస్తున్నాను. 

ఇదిగో, మళ్ళీ కీచుమంది. సునీతే, కొత్తిమీర కట్ట పట్టుకుని. ఈసారీ చెప్పకుండానే వచ్చింది.