పురుగులతో పాటు పస్తు

చెంగల్రాయన్ మామకు ఒకటే పిచ్చి. మా ల్యాబులో పురుగులు పస్తులున్న రోజుల్లో ఆయన కూడా మధ్యాహ్నం అన్నం ముట్టడు.

అవి నీళ్లలో బతికే చదును పురుగులు. ఒకదాన్ని రెండుగా కోస్తే నాలుగు రోజులకే రెండూ తల, తోక మొలిపించుకునే పనిలో పడతాయి. ఆ పని చేసే మూలకణాలను పట్టుకోవడమే 2004లో నా పరిశోధన. డీఎన్‌ఏలో చేరే గుర్తుమందును కాలేయం ముద్దలో కలిపి తినిపిస్తే, కొత్తగా పుట్టే కణాలు మైక్రోస్కోపు కింద పచ్చగా వెలుగుతాయి. కడుపు నిండిన పురుగు ఆ ముద్ద వైపు చూడదు. అందుకే ముందు వారం రోజులు పస్తు.

మామ మా అటెండరు. ముదలియార్‌పేట నుంచి బస్సులో క్యారియర్ మోసుకొచ్చి, మూత తీయకుండా కూర్చునేవాడు.

"తిను మామా, అవేం చూస్తాయి," అనేవాణ్ణి.

"కండ్లు రెండుండాయే తంబీ. అవి చూస్తా ఉంటే నాకు సాదం యాడ దిగతాది?"

మామ ముట్టని ఆ అన్నం నాకు సులువుగానే దిగేది. చేపల పులుసులో ఉప్పు తగ్గిందని వంకలు కూడా పెట్టేవాణ్ణి.

ఒకసారి స్లైడ్లన్నీ చీకటి. ఒక్క కణమూ వెలగలేదు. ఆ ఫలితం చూపిస్తేనే నా పరిశోధనకు ఇంకో ఏడాది గడువు. మా గైడు జయంతి మేడమ్ ఏమైందని అడిగితే నా నోరు ఊరుకోలేదు.

"మామ జాలిపడి ముందే మేపేసుంటాడు మేడమ్."

మామ నా మొహం చూసి తలూపాడు. "ఆమా మేడమ్. నేనే పెట్టినా."

అరగంట తిట్లు మామకు, మళ్లీ చేసి చూపించడానికి ఇంకో నెల గడువు నాకు.

ఆ సాయంత్రం నా నోట్‌బుక్కులో నా చేతిరాతే కనిపించింది: మూడో డబ్బాకు మేత వేశాను. వేయాల్సింది నాలుగో డబ్బాకు, పస్తులో ఉన్నది మూడోది. అప్పుడు నా రెండో చేతిలో ఉన్నది మామ క్యారియరేనని గుర్తొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను.

పొద్దున్నే మేడమ్‌కు నిజం చెప్పి, నా వాటా తిట్లు తిని, మామ దగ్గరికెళ్లాను.

"నీకెప్పుడు తెలిసింది మామా?"

"నిన్ననే. నేను పెట్టలా. అయితే నువ్వే గదా."

"మరి ఎందుకు ఒప్పుకున్నావు?"

"నన్ను తిడితే బస్సెక్కేలోపల మర్చిపోతా. నిన్ను తిడితే సదువు పోతాది."

మళ్లీ పస్తు వారం మొదలైంది. ఈసారి నేనూ తిననన్నాను. రెండో రోజుకే కళ్లు తిరిగాయి. మామ క్యారియర్ నా ముందు పెట్టాడు.

"పురుగులు చూస్తున్నాయి మామా," అన్నాను తల వంచుకుని.

మామ లేచి, భుజం మీది తుండుగుడ్డ తీసి డబ్బాల మీద కప్పాడు.

"రా తంబీ, ఇద్దరం తిందాం. మెల్లగా నములు, వినబడతాది."