పదమూడో ఎక్కం

డైలాగు కంఠతా పట్టడం ఆ పెద్దాయనకు అలవాటు లేదు. “భావం ఇప్పుడిస్తాను, మాటలు డబ్బింగులో చూసుకుందాం బాబూ” అనేవారు. కెమెరా తిరగ్గానే పదమూడో ఎక్కం అందుకునేవారు.

మాంత్రికుల బడి మీద తీసిన మా వెబ్ సిరీస్‌లో ఆయన కొత్త పిల్లలకు మంత్ర సిద్ధాంతం చెప్పే గురువు. తొలి పాఠం రాసింది నేను. జూబ్లీ హిల్స్ కాఫీ షాపుల్లో కూర్చుని, నన్ను నేనే మెచ్చుకుంటూ రాశాను. ‘మంత్రబలం మాటల్లో ఉండదు, పలికేవాడిలో ఉంటుంది’ అన్న వాక్యానికైతే నాకే కళ్లు చెమర్చాయి.

ఆయన కర్ర ఎత్తి “పదమూడు ఆర్లు డెబ్బై ఎనిమిది” అని గర్జించేసరికి, శిష్యుల వేషం కట్టిన పిల్లలు నోళ్లు తెరిచారు.

తర్వాత ఫిల్మ్ నగర్‌లో డబ్బింగు చెప్పించి, నా మాటలతో ఆ సీను చూశాం. డైరెక్టర్ ఆవలించాడు.

“ఎక్కమే ఉంచుదాం అన్నా, గదే మస్తుంది” అన్నాడు.

మండిపోయి పెద్దాయన్ని నిలదీశాను. “నా పాఠం ఒక్కసారైనా చదివారా సార్?”

“చదవకేం బాబూ! మాటల్లో ఏమీ లేదని మీరేగా రాశారు?”

తెరమీద ‘మాటలు’ అన్నచోట మాత్రం నా పేరే పడింది.